ఫకీర్ మోరీ కాడ దిమ్మిస చప్పుడు

ధర్మసాగర్ వైపు పోయే పెద్ద రోడ్డు మీద, చీకటి పడ్డాక ఫకీర్ మోరీ దగ్గర బండి ఆపేవాడు లేడు. టైరు పంక్చరైనా సరే, గాలి లేని చక్రంతోనే ఈడ్చుకుపోతారు తప్ప దిగరు. రెండేళ్ల కింద రోడ్డు కూలీ ఫకీర్ మహమ్మద్ రోడ్డు కింద నీళ్లు పోయే ఆ మోరీ పక్కనే గుంత పూడుస్తూ లారీ కింద పడి చచ్చిపోయాడు. ఈ ఏడు వానలు వెలిసినప్పటినుంచి రాత్రిళ్లు అక్కడ మంట లేస్తోందని, కంకర అణగ్గొట్టే దిమ్మిస చప్పుడు వినిపిస్తోందని చెప్పుకున్నారు. ధన్... ధన్... తెల్లారి చూస్తే గుంత పూడి ఉంటుందట!

ఊరంతా ఆ చప్పుడుకు భయపడింది. రాజమల్లు ఒక్కడే కుళ్లుకున్నాడు.

మోరీకి ఇవతలి రోడ్డు, గుంతలు పూడ్చే రాజమల్లు గ్యాంగుది. అవతలిది అతని బామ్మర్ది ఓంప్రకాశ్‌ది. రాజమల్లు పూడ్చిన గుంత రెండు వానలకే నోరు తెరిచేది. ఓంప్రకాశ్ రోడ్డు ముక్క మాత్రం నున్నగా మెరిసేది. దయ్యం పూడ్చే గుంతలన్నీ అటువైపే.

“బావా, నీ రోడ్డు మీద నిండు చూలాలు పోతే దవాఖానదాంక పోయేదే లేదు. ఆటోలనే కాన్పు!” అని చాయ్ హోటల్ కాడ పదిమందిలో నవ్వేవాడు ఓంప్రకాశ్.

“నీ గొప్పేముందిరా? దయ్యం చేసిపెడుతాంటే నువ్వు మీసం తిప్పుతానవ్.”

“మంచోడెవడో దయ్యానికి గూడ ఎర్కే బావా!”

ఆ మాట రాజమల్లు గుండెలో ముల్లులా దిగింది. ఇరవై ఏళ్లు రోడ్డు పనిలో ఫకీర్ తన జోడీ. ఒకే గిన్నెలో సద్ది తిన్నారు. ఒకనాడు పగలే వెళ్లి, మోరీ అవతలి గుంతల మీద చెయ్యి పెట్టి చూశాడు. అంచులు చదరంగా చెక్కి, మూలమూలకూ డాంబర్ పూసి, రోడ్డుతో సమానంగా కొట్టి... అచ్చం ఫకీర్ చెయ్యే! చచ్చాక కూడా పని చేసే మనిషి, జోడీని కాదని వీడికా చేసేది?

అంతలో కబురొచ్చింది. తెల్లారితే సార్లు మిషన్ బండితో వచ్చి రోడ్డు గతుకులు కొలుస్తారు. ఎవరి ముక్క బాగుంటే రెండు గ్యాంగులకూ వాడే మేస్త్రీ. రెండోవాడు వాడి కింద పనిచేయాలి.

బామ్మర్ది కింద!

ఆ రాత్రి భార్య సమ్మమ్మ ఇంట్లో లేదు. తల్లికి బాగాలేదని ఈమధ్య రోజు విడిచి రోజు పుట్టింటికి పోతోంది. అడ్డుచెప్పేవాళ్లు లేరు. రాజమల్లు గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరాడు. దయ్యం పూడ్చిన నాలుగు గుంతలు పెకిలిస్తే చాలు...

మోరీ దగ్గరికి వచ్చేసరికి గాలి ఆగిపోయింది. దూరాన ఒక్క లారీ వెలుతురు కూడా లేదు.

అప్పుడు కనిపించింది — మోరీ అవతల, నేలకు జానెడు ఎత్తున ఎర్రటి మంట.

కొరివి దయ్యం!

ధన్...

కాళ్లు వెనక్కి లాగాయి. కడుపుమంట ముందుకు తోసింది.

ధన్... ధన్...

మంట వెనక ఒక ఆకారం. తలకు గుడ్డ. రెండు చేతులా దిమ్మిస ఎత్తుతోంది... వేస్తోంది... ఎత్తుతోంది...

“ఫకీరూ...” రాజమల్లు రెండడుగులు ముందుకేశాడు. “ఇరువై ఏండ్ల జోడీని... నన్నిడిసి ఆనికి చేస్తానవారా?”

చప్పుడు ఆగింది.

ఆకారం మెల్లగా ఇటు తిరిగింది. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది.

“ఫకీరన్న గాదు. నేనే.”

సమ్మమ్మ!

గడ్డపార జారి రోడ్డు మీద ఖంగుమంది. ఆ మంట... డాంబర్ డబ్బా కింద పెట్టిన పొయ్యి.

“నువ్వా? ఈ పని నీకెట్ల వచ్చే?”

“నెత్తిన కంకర తట్ట పెట్టుకొని మీ ఇద్దరి పక్కన్నే నిలబడ్డ గద అన్నేండ్లు. నువ్వు వచ్చేపోయే బండ్లను చూసినవ్. నేను ఫకీరన్న చెయ్యి చూసిన.”

“మరి రాత్రిపూట దొంగ లెక్క ఏందే?”

“ఆడది దిమ్మిస పడితే గ్యాంగోళ్లు ఊకుంటరా? ఎవ్వలు ఇటు రావద్దని తమ్ముడే దయ్యం పుకారు లేపిండు.”

భయం పోయింది. కుళ్లు మాత్రం ఇంకా పొంగింది.

“నా పెండ్లామై ఉండి... నా రోడ్డు మీద ఒక్క గుంతన్న పూడ్చినవా?”

“దిమ్మిస నాకియ్యిమని నిన్నడగలేదా? ఎన్నిసార్లడిగిన! ఆడోళ్లు దిమ్మిస ముట్టొద్దని తట్ట నా నెత్తికెత్తినవ్. తమ్ముడు దిమ్మిస చేతికిచ్చిండు.” ఆమె కిందపడ్డ గడ్డపారను చూసింది. “తవ్వనీకొచ్చినవా? తవ్వు. తెల్లారేదాంక మళ్ల పూడుస్త.”

రాజమల్లు వంగి గడ్డపార అందుకున్నాడు. పూడ్చిన గుంత మీద మొన ఆనించి అటూ ఇటూ జరిపాడు. అంచు ఎక్కడుందో మొనకు దొరకలేదు.

“జల్ది తేల్చు. డాంబర్ గట్టిపడుతాంది,” అంది సమ్మమ్మ. “ఉట్టిగ నిలబడేదుంటే, గా కంకర తట్టన్న అందియ్యి.”

పొయ్యిలో కట్టె చిటపటమంది.

“ఈ ఒక్క గుంతకే,” అని గొణిగి, గడ్డపార పక్కన పడేసి, రాజమల్లు తట్ట నెత్తికెత్తుకున్నాడు.