పొట్లంలో లేని మాత్ర

పెద్దాయన కాగితాలు మడిచే చప్పుడుతో ఆ ఇంట్లో తెల్లవారుతుంది. నలభై ఏళ్లు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు కానీ ఆ సంగతి ఆయన చేతులకి ఇంకా తెలియలేదు. రోజూ భోజనాల బల్ల ముందు కూర్చుని తన గుండె మాత్రలు, కోడలి థైరాయిడ్ మాత్ర పొట్లాలు కట్టి, పైన పేరూ వేళా రాస్తాడు. ఆయన చేతి మీదుగా రాని మాత్ర ఆ ఇంట్లో ఎవరి నోట్లోనూ పడకూడదు. జలుబు మాత్రకైనా అదే చట్టం.

కొడుకు పేరుతో మాత్రం ఒక్క పొట్లమూ ఉండదు. "నలభై నాలుగొచ్చినా వీడి ఒంట్లో ఒక్క నట్టు వదులవలేదు" అని అందరి దగ్గరా గొప్పలు పోతాడు.

ఆ కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. చుట్టుపక్కల అందరూ లిఫ్ట్ డాక్టర్ అంటారు. లిఫ్టు మెకానిక్ లిఫ్టెక్కితే నామోషీ అని, నాలుగో అంతస్తులోని ఇంటికి రెండేసి మెట్ల చొప్పున ఎక్కేవాడు. ఈమధ్య లిఫ్టులోనే వస్తున్నాడు. అది భార్య గమనించింది. ఆమె కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది, కాబట్టి చూపు కాస్త పదునే. అతను మంచం మీద ఆ చివరికి జరిగి గోడవైపు తిరిగి పడుకోవడం చూసింది. తను చెయ్యి వేస్తే ఉలిక్కిపడటం చూసింది. గడ్డం గీసుకుంటూ మధ్యమధ్యలో ఎడమ దవడ నొక్కుకోవడమూ చూసింది. దాన్ని పంటినొప్పి అనుకుని అక్కడే పొరబడింది.

"మన బిల్డింగ్ లిఫ్ట్ ఏమైందిరా చివరికి?" టీ తాగుతూ అడిగాడు పెద్దాయన.

"తలుపు సరిగా పడట్లేదు, లైటు కొట్టుకుంటోంది, అంతస్తుకి బెత్తెడు కిందే ఆగిపోతోంది. మా కొత్త మెకానిక్ మూడు రోజులు కూర్చుని మూడు రిపేర్లు చేశాడు. నేను చూస్తే మెయిన్ ప్యానెల్లో ఒక్క వైరు మాడింది. మూడు చోట్ల ఒకేసారి చెడితే మూడు చోట్లా తడుముకోకూడదు నాన్నా. అన్నిటికీ వెనకాల ఒకటే ఉంటుంది."

"బుర్రంటే వీడిది" అని మురిసిపోయాడు తండ్రి. లిఫ్ట్ డాక్టర్ నవ్వి, దవడ నొక్కుకుంటూ స్నానానికి వెళ్లాడు.

అంత బుర్రా సొంత ఒంటి దగ్గరికొచ్చేసరికి ఎటు పోయిందో. రెండేళ్ల కిందట అతనికి అంగస్తంభన సరిగా లేకుండా పోయింది. ఎక్కడ సడలిపోతుందోనన్న భయంతో తొందరపడితే, శీఘ్రస్ఖలనం వచ్చి పడింది. రెండు అవమానాలూ కలిసి చివరికి కోరికనే చంపేశాయి. అతను ఒకదానికి మాత్రలు, ఇంకోదానికి స్ప్రే, మూడోదానికి ఏదో పొడి కొన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. దగ్గర్లోని మందుల షాపుల వాళ్లంతా తండ్రికి తెలిసినవాళ్లే కాబట్టి రెండు బస్సులు మారి వెళ్లి కొనేవాడు. తెచ్చి పనిముట్ల పెట్టెలో, ఫ్యూజుల డబ్బా అడుగున దాచేవాడు.

ఆ పొద్దున భార్య కళ్లద్దాల మర ఒకటి వదులైంది. సన్న స్క్రూడ్రైవర్ కోసం పనిముట్ల పెట్టె తెరిచింది. ఫ్యూజుల డబ్బా కూడా తెరిచింది.

అతను తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి ఆమె తలుపు దగ్గరికి వేసి నిలబడి ఉంది. చేతిలో మాత్రల అట్ట.

"ఇందులో మూడు లేవు" అంది మెల్లగా. మామగారు వినకూడదు.

"నా పెట్టె నువ్వెందుకు తీశావు?"

"ఏడు నెలలయింది మీరు నన్ను తాకి. మరి ఈ మూడూ ఎవరికోసం వేసుకున్నారు? ఆవిడెవరో చెప్పండి. నేనేం గొడవ చెయ్యను."

"ఎవరూ లేరు."

"అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పండి."

"నీకోసమే" అన్నాడతను. "నిన్న రాత్రి కూడా వేసుకున్నాను. వేసుకుని కూడా ధైర్యం చాల్లేదు. గోడవైపు తిరిగాను."

ఆమె అట్టని గుప్పిట్లో మూసింది. అతనింకా ఏదో అనబోయి ఆగి, ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని మంచం పక్కన నేల మీదికి జారిపోయాడు. ఇప్పుడే స్నానం చేసిన ఒళ్లు చెమటతో తడిసిపోయింది.

ఆమె కేక విని పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు. వయసు డెబ్బై నాలుగైనా ఆ క్షణాన కాంపౌండరే. కొడుకుని గోడకి ఆనించాడు, నాడి పట్టుకున్నాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు. అది ఆయన సొంత గుండె మాత్ర. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునేది.

"నోరు తెరువు నాన్నా. ఒక్కసారి తెరువు."

చేతిలో మాత్ర పట్టుకుని, నలభై ఏళ్ల అలవాటుకొద్దీ అడిగాడు. "వేరే మందులేమైనా వేసుకుంటున్నావా?"

కొన్నప్పుడే షాపువాడు హెచ్చరించాడు, గుండె మాత్రలు వాడేవాళ్లు దీని జోలికి పోకూడదని. లిఫ్ట్ డాక్టర్‌కి అది గుర్తుంది. ఎదురుగా తండ్రి మొహం ఉంది, ఒక్క నట్టూ వదులవలేదని మురిసిపోయే మొహం. అతను లేదని తల అడ్డంగా ఊపి, కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

భార్య గుప్పిట్లో అట్ట నలిగిపోతోంది. మామగారి ముందు ఆ గుప్పిట తెరవడమంటే మొగుడి బట్టలు ఊడదీసి నిలబెట్టడమే. తెరవకపోతే ఏమవుతుందో ఆమెకి తెలియదు. పెద్దాయన వేళ్లు కొడుకు పెదవుల దాకా వెళ్లాయి.

"మామయ్యగారూ, ఆగండి" అని ఆమె గుప్పిట విప్పింది.

ఆయన అట్ట వైపు చూశాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మాత్ర మంచం కిందికి దొర్లిపోయింది.

"ఎప్పుడు వేసుకున్నాడు?"

"రాత్రి."

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యమ్మా. రాగానే ముందు ఈ మాటే చెప్పు. ఎవరు అడ్డొచ్చినా చెప్పు." కొడుకు నాడి మళ్లీ పట్టుకున్నాడు. "ఇది పెట్టుంటే బీపీ పడిపోయి ఇక్కడే పోయేవాడు. నా చేత్తో పోయేవాడు."

*

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. గుండె రక్తనాళంలో ఒకచోట స్టెంటు వేశారు. ఇంకోచోట కూడా పూడిక ఉంది, దాని సంగతి ముందుముందు చూడాలన్నారు. షుగరు ఎప్పటినుంచో ఉన్నట్టుంది, ఎవరూ చూడలేదు.

"అందరికీ ఇలాగే అవుతుందని కాదు" అందామె. "మీకు మాత్రం షుగరూ, రక్తనాళాల పూడికా. కింది నాళాలు సన్నవి కదా, తేడా ముందక్కడే తెలిసింది. రెండేళ్లుగా మీ గుండె చెబుతూనే ఉంది. దానికి భయం తోడైంది, దాంతో మిగతా రెండూ వచ్చాయి. మీరు మూడిటికీ విడివిడిగా మందులు కొన్నారు."

లిఫ్ట్ డాక్టర్ పైకప్పు వైపు చూశాడు. "మెయిన్ ప్యానెల్ చూసుకోలేదండీ" అన్నాడు.

డాక్టరమ్మ వెళ్లాక భార్య అతని చెయ్యి తీసుకుంది. ఈసారి అతను ఉలిక్కిపడలేదు. "నా మీద ఇష్టం పోయిందనుకున్నాను. అద్దంలో చూసుకుంటే నామీద నాకే అసహ్యం వేసేది" అంది. ఆ మాటకి అతను ఏడ్చేశాడు. ఆమె కూడా.

పెద్దాయన కిటికీ దగ్గర వాళ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"నాకూ నలభై అయిదప్పుడు ఇదే వచ్చిందిరా. మరో మూడేళ్లకి గుండెనొప్పి. పనిచేసేది ఆస్పత్రిలోనే, చుట్టూ డాక్టర్లే. అయినా నోరు పెగల్లేదు."

"అమ్మకి చెప్పావా?"

ఆయన జవాబు చెప్పడానికి ముందు కళ్లద్దాలు తీశాడు.

"ఏమైందండీ అని ఒకసారి అడిగింది. తలనొప్పి అన్నాను. మళ్లీ అడగలేదు. పక్కగదిలో పక్క వేసుకుంది. పోయేదాకా అక్కడే పడుకుంది. తనేదో తప్పు చేసిందనుకునే పోయింది."

కోడలు లేచి వెళ్లి ఆయన చేతిలోని కళ్లద్దాలు తీసుకుంది. తన చీర కొంగుతో తుడిచి ఆయనకి పెట్టింది.

అప్పుడే నర్సు కాగితం పట్టుకుని లోపలికొచ్చింది. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అనడిగింది.

లిఫ్ట్ డాక్టర్ తండ్రి వైపు చూశాడు. పెద్దాయన తల దించుకోలేదు.

"వాడానమ్మా, మూడు" అన్నాడతను, గదిలో అందరికీ వినపడేలా. "రాసుకోండి."