ఉతుకుడు గదిలో వంద లెక్క

ఆ బట్టలుతికే గదికి మంచి పేరు లేదు.

ఐదంతస్తుల బిల్డింగు. లిఫ్టు దిగి, నేలకింద సన్నటి నడవా దాటితే ఆ గది. గోడవారగా నాలుగు మెషీన్లు, ఎదురుగా ఒక చెక్క బల్ల, పైన వేణ్ణీళ్ళ గొట్టాలు. పగలు అందరూ వెళ్తారు. చీకటి పడ్డాక మాత్రం... బుట్ట పట్టుకుని గుమ్మం దాకా వచ్చినవాళ్ళు కూడా "రేపు ఉతుక్కుందాంలే" అని వెనక్కి తిరుగుతారు. అక్కడ ఎవరూ ఏమీ చూడలేదు. ఎవరికీ ఏమీ వినపడలేదు. ఎందుకని అడిగితే ఒక్కటే మాట చెబుతారు —

"అక్కడ ఒక్కళ్ళమే ఉన్నట్టు ఉండదు."

ఈ మాట విన్నప్పుడల్లా మూడో అంతస్తులో ఉండే కత్తెర ముక్కుతో నవ్వేది. "దెయ్యానికి కూడా ఉతుకుడు తప్పలేదన్నమాట, పాపం!" అనేది.

కత్తెర అన్నది ఆవిడకి అరుగు మీద పడ్డ పేరు. అరుగంటే ఇంటి ముందు అరుగు కాదు. 'చీకటరుగు' అని ఆన్‌లైన్‌లో ఒక రాతగాళ్ళ గుంపు. తలో ఊళ్ళో ఉండే ముప్పై నలభై మంది. ప్రతి శుక్రవారం ఒకరు దెయ్యం కథ రాసి పెట్టాలి, మిగతావాళ్ళు చదివి వణకాలి. వణకని మనిషి ఆ గుంపులో ఒక్కతే ఉంది.

పగలు ఆవిడ పని కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా పన్ను కుదరదు, ముసలాయన అన్నం తినలేడు. ఆ చూపునే అరుగు మీదికీ తెచ్చేది.

"బాబాయ్, మీ దెయ్యం సరిగ్గా పన్నెండింటికే వస్తుందేం? షిఫ్టు డ్యూటీయా?"

"తెల్లచీర అన్నారు. వానలో, బురదలో ఊరంతా తిరిగింది అన్నారు. అయినా తెల్లగానే ఉందట. ఏం సబ్బో చెప్పండి, మేమూ వాడతాం."

"నర్సుగారూ, 'భయంకరమైన' అని ఏడుసార్లు రాశారు. మూడోసారికే నాకు ఆవలింతలొచ్చాయి."

నర్సు ఆ తర్వాత అరుగు మీద మళ్ళీ నోరు విప్పలేదు. కత్తెర ఆ సంగతి గమనించనేలేదు.

అరుగుకి ఒక కట్టుబాటుంది. దాన్ని పెట్టింది పెద్దాయన — రిటైరైన పోస్ట్‌మాస్టరు, గుంపు నడిపేది ఆయనే. మీరే భయపడని చోటు గురించి రాసి మమ్మల్ని భయపెట్టకండి అంటాడు. అందుకని కథ రాసినవాళ్ళు చీకటి పడ్డాక ఒంటరిగా ఆ చోటికి వెళ్ళాలి. ఒకటి నుంచి వంద దాకా పైకి లెక్కపెట్టాలి. మధ్యలో ఆగకూడదు. ఫోన్లో రికార్డు చేసి కథ కింద పెట్టాలి. దాన్నే వంద లెక్క అంటారు.

మిగతావాళ్ళు పదో ఇరవయ్యో విని వదిలేసేవాళ్ళు. కత్తెర మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చివరి అంకె దాకా వినేది. భయపడడానికి కాదు... పట్టుకోవడానికి.

"ఇది పాడుబడ్డ ఆసుపత్రి కాదు, మీ వంటిల్లు. యాభై ఆరు దగ్గర ఫ్రిజ్ మూలిగింది."

"టాక్సీ బాబాయ్, అరవై రెండు దగ్గర ఆగారు. వెనక్కి తిరిగి చూశారు కదూ? వెనక్కి చూసేవాళ్ళకి దెయ్యం కథలెందుకండీ, పాలు తాగి పడుకోక!"

ఆ మాట బాబాయ్‌కి గుచ్చుకుంది. టాక్సీ నడిపే మనిషి, మనసు మంచిదే గానీ మెత్తగా చుట్టి మాట్లాడడం రాదు.

"అమ్మా కత్తెరా," అని రాశాడు, "మూడేళ్ళుగా మా గుడ్డలు కత్తిరిస్తూనే ఉన్నావు. నువ్వు ఒక్క జాకెట్టు కుట్టి చూపించు తల్లీ. ఈ శుక్రవారం నీ వంతు. కుట్టలేనంటే... మూట సర్దుకో."

పెద్దాయన కూడా అవునన్నాడు. ఇంకో పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

కథ అరగంటలో రాసేసింది కత్తెర. ఉతుకుడు గదే. 'వీళ్ళకి ఇది చాలు, ఎక్కువ' అనుకుంటూ రాసింది. చిక్కంతా లెక్క దగ్గరొచ్చింది.

ఆవిడకి ఏడేళ్ళ కూతురు. చిన్ని. ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పదవుతుంది. ఆ పరాయి దేశపు ఊళ్ళో ఓ పిన్ని లేదు, ఓ అత్తయ్య లేదు. పిల్లని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదన్నది కత్తెర తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు. చెత్తబుట్ట పారబోయడానికి కూడా పిల్లకి కోటు తొడిగి, బొత్తాలు పెట్టి, వెంట తీసుకెళ్ళేది. ఒంటరిగా వెళ్ళాలన్నది అరుగు నియమం. ఒంటరిగా వదలొద్దన్నది ఇంటి నియమం. ఏదో ఒకటి తప్పాలి.

చలికాలం. ఐదింటికే చీకటి.

"చిన్నీ, అమ్మ కిందకెళ్ళి ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. స్టవ్ దగ్గరికెళ్ళకు. కిటికీ ముట్టుకోకు. స్నానాలగదిలోకి..."

"నేనూ వస్తా."

"నువ్వొస్తే చెల్లదు."

"ఏం చెల్లదు?"

"అబ్బ, పెద్దవాళ్ళ ఆటలే. కూర్చో."

తాళం వేస్తే, ఏ నిప్పో అంటుకుంటే పిల్ల బయటపడేదెలా? వేయకపోతే, ఎవడైనా వస్తే? గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు కొట్టుమిట్టాడింది. చివరికి వేయకుండానే లిఫ్టెక్కింది. బాబాయ్ ముందు ఓడిపోవడం కంటే ఐదు నిమిషాలు ఎంతలే అనుకుంది.

గదిలోకి అడుగుపెట్టగానే దీపం వెలిగింది. అక్కడి దీపానికి స్విచ్చు ఉండదు. మనిషి కదిలితే వెలుగుతుంది, కాసేపు కదలకపోతే ఆరిపోతుంది. మెషీన్లన్నీ ఖాళీ. కత్తెర గుమ్మానికి వీపు పెట్టి, బల్ల మీద ఫోను పెట్టి, మొదలుపెట్టింది.

"ఒకటి... రెండు... మూడు..."

ఇరవై రెండు దగ్గర దీపం ఆరింది. అనుకున్నదే. గొంతు వణకలేదు.

ముప్పై... ముప్పై ఒకటి...

దీపం వెలిగింది.

తను కదల్లేదు. వేలు కూడా కదపలేదు.

ఎలుక అనుకుంది. లేదా వైరింగు. వెనక్కి తిరిగితే గొంతు మారుతుంది, గొంతు మారితే బాబాయ్ పట్టేస్తాడు. వెనక్కి చూసినవాళ్ళని ఎన్ని మాటలంది తను! మెడ బిగబట్టి నిలబడింది.

మళ్ళీ చీకటి. యాభై దాటింది. అరవై. మెడ వెనక వెచ్చగా ఏదో తగిలింది... డ్రయ్యరు గాలి కాబోలు. డెబ్భై దగ్గర గుర్తొచ్చింది — ఏ మెషీనూ తిరగడం లేదని. అయినా ఆగలేదు. డెబ్భై ఒకటి, డెబ్భై రెండు... తొంభై దగ్గర దీపం ఇంకోసారి వెలిగి ఆరింది.

"...వంద."

ఫోను తీసుకుని, గోడ వైపే చూస్తూ పక్క నుంచి నడిచి బయటపడింది. పైకొచ్చేసరికి చిన్ని కుర్చీలో బుద్ధిగా కూర్చుని బొమ్మలు గీస్తోంది. కాస్త రొప్పుతోంది. కత్తెర చూడలేదు. స్టవ్ చూసింది, కిటికీ చూసింది, రికార్డింగు వినకుండానే అరుగు మీద పెట్టేసింది.

"ఇదిగోండి. తడబాటు లేదు, ఆగడం లేదు. విని నేర్చుకోండి."

అన్నాలయ్యాక ఫోను టింగుమంది, అరుగు మీద కొత్త మెసేజి. టాక్సీ బాబాయ్.

"అమ్మా... నీతో పాటు లెక్కపెడుతోందే... ఆ పిల్ల ఎవరు?"

"నిద్రమత్తులో విన్నారా బాబాయ్? మొహం కడుక్కుని మళ్ళీ వినండి."

"నాకూ వినిపించిందమ్మా," అని రాశాడు పెద్దాయన.

కత్తెర ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. పది దాకా తన గొంతే. పదకొండు... పన్నెండు... దాని కింద, దూరంగా, దారంలా సన్నగా ఇంకో గొంతు. "...పదమూడు... పద్నాలుగు..." వాల్యూము పెంచింది. ఇంకొంచెం వింది. "ముప్పయ్యి." అలా సాగదీసి పలికే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఇయర్‌ఫోన్లు లాగేసి మంచం దగ్గరికి పరిగెత్తింది.

"చిన్నీ! కిందకొచ్చావా?"

చిన్ని తల ఊపింది.

"వద్దన్నానా లేదా?"

"ఒక్కదాన్నే ఉంటే భయమేసింది. మెట్లు దిగొచ్చా. నువ్వు చెప్తుంటే మెల్లగా నేనూ చెప్పా. తర్వాత నీకంటే ముందు పరిగెత్తుకుంటూ వచ్చేశా."

చీకటి మెట్లు. వట్టి కాళ్ళు. కత్తెర దుప్పటి తొలగించింది. పాదాలు తిప్పి చూసింది, మోకాళ్ళు చూసింది, రెండు తిట్లు తిట్టింది, గట్టిగా హత్తుకుంది. దెబ్బ తగల్లేదు కదా. చాలు.

గుండె కుదుటపడగానే పాత కత్తెర తిరిగొచ్చింది. ఫోను తీసుకుంది.

"దెయ్యమూ లేదు గియ్యమూ లేదు. నా వెనకాలే దిగొచ్చిన మా అమ్మాయి. ఇలాగే పుడతాయి మీ కథలన్నీ. నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళకి చీకట్లో ప్రతి పిల్లా దెయ్యమే!"

బాబాయ్ దణ్ణం బొమ్మ పెట్టాడు. పెద్దాయన "ఓడిపోయామమ్మా" అన్నాడు. కత్తెర సోఫాలో కాళ్ళు చాపుకుని, ఆ రెండూ రెండేసిసార్లు చదువుకుంది.

అప్పుడు, ఎన్నాళ్ళకో, నర్సు రాసింది.

"మన్నించండి కత్తెరగారూ. నేను చివరిదాకా విన్నాను. మీ పాప నలభై తొమ్మిది దగ్గర ఆపేసింది. అక్కణ్ణుంచి మీతో వంద దాకా చెప్పినావిడ... ఎవరండీ?"

అందరి లెక్కా వంద దాకా విన్న మనిషి, తన లెక్క ముప్పై దగ్గరే వదిలేసింది.

మళ్ళీ పెట్టుకుంది. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. చిన్ని గొంతు ఆగింది. ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు...

"యాభై."

రెండు గొంతులు. ఒకటి తనది. రెండోది దూరంగా లేదు. ఫోను పక్కనే ఉంది. తొందర లేదు, వణుకు లేదు. పిల్లలకి పాఠం చెప్పేవాళ్ళ గొంతు. యాభై ఒకటి... యాభై రెండు... వింటూ వింటూ ఉండగా కత్తెర ఒక సంగతి పట్టేసింది. ఆ గొంతు తన వెంట రావడం లేదు. ప్రతి అంకెనీ వెంట్రుకవాసి ముందుగా అదే చెబుతోంది. తనే దాని వెంట చెబుతోంది.

పడగ్గదిలో చిన్ని ఇంకా నిద్రపోలేదు.

"చిన్నీ..." పక్కన కూర్చుంది. "నలభై తొమ్మిది దగ్గర ఎందుకాపావే?"

"ఆ తర్వాతవి తెలుగులో నాకు రావుగా."

"మరి... తర్వాత?"

"ఆవిడ చెప్పింది. నీ వెనకాలే నిలబడింది కదా." చిన్ని ఆవలించింది. "నేను తప్పు చెప్పినా నవ్వలేదమ్మా. మిగతావి నేర్పిస్తానంది."

కత్తెర మంచం అంచు పట్టుకుంది.

"వద్దు. మనం ఇంకెప్పుడూ కిందకెళ్ళం. విన్నావా? ఎప్పుడూ వెళ్ళం."

చిన్ని గోడ వైపు జరిగి, దుప్పట్లో ఇంకొకరికి చోటిచ్చింది.

"వెళ్ళక్కర్లేదమ్మా," అని గుసగుసలాడింది. "నాతోనే పైకొచ్చేసిందిగా..."