అగ్గిపుల్ల ఎందుకు గీశాడంటే

సినిమాలో హీరో చీకట్లో ఒక ఇంటి ముందు నిలబడి అగ్గిపుల్ల గీశాడు. అంతే, టీవీ నీలంగా అయిపోయింది.

చర్చి హాల్లో ఉన్న మా యూత్ అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"అయిపోయిందా?" అన్నారెవరో.

"ఆర్ట్ సినిమాలు ఇలాగే ఉంటాయి. ముగింపు మనమే ఆలోచించుకోవాలి," అన్నారు యూత్ లీడర్ ఏసురత్నం అంకుల్, తనకు ముందే తెలిసినట్టు.

కథ చిన్నదే. మిల్లుకు నిప్పు పెట్టాడని ఒక కూలీ మీద నేరం మోపుతారు. నేను కాదు మొర్రో అంటాడు, ఎవరూ నమ్మరు. జైలు నుంచి వచ్చి, ఒక రాత్రి ఊళ్లో ఆ ఇంటి ముందు పుల్ల గీస్తాడు.

"గింత ఆలోచించేదేముంది?" అన్నాడు సీడీ ప్లేయర్ పక్కన కూర్చున్న జకర్యా. "అది మిల్లు ఓనర్ ఇల్లు. తగలబెడ్తడు. అంటే మిల్లు సుత వాడే తగలబెట్టిండు. ఖతం!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

నా పేరు దేవకృప. ఆకివీడు దగ్గర పల్లెటూరి బడిలో చదివి, డిగ్రీ కోసం సికింద్రాబాద్ వచ్చి బోయిగూడలో పిన్ని వాళ్లింట్లో ఉంటున్నాను. పంతొమ్మిదేళ్లు వచ్చినా నలుగురిలో నోరు విప్పితే నా గొంతు పిల్లికూన గొంతే. డైరీలో మాత్రం మహా వక్తను. అలాంటి నేను లేచి నిలబడ్డాను. పిన్ని కూతురు మేబెల్ నా చున్నీ పట్టుకుంది. కళ్లు తిరిగి పడబోతున్నాననుకుందట.

"అది అతని సొంత ఇల్లండీ," అన్నాను. "మా ఊళ్లో కరెంటు పోతే తాళంకప్ప కనబడక అందరం అగ్గిపుల్లే గీస్తాం. అతను తలుపు తీసుకోడానికి గీశాడు. పుల్ల గీస్తే కాల్చడానికే అనుకుంటే, ఆ జడ్జిగారికీ మనకీ తేడా ఏముంది?"

 హాలంతా చప్పట్లు. ఏసురత్నం అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జకర్యా ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. సీడీల డబ్బా పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. నా మాటలకు అంతగా కదిలిపోయాడనుకున్నాను.

ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు. "లాయరమ్మా, కాస్త పచ్చడి నూరుతావా?" అనేది పిన్ని. వచ్చే శనివారం మీటింగులో అగ్గిపుల్ల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు అంకుల్. అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను, జకర్యా మొదటి వరసలో కూర్చుని వింటున్నట్టు ఊహించుకుంటూ.

ఒకటే చిక్కు. మా యూత్‌లో అందరూ అందరినీ బ్రదర్, సిస్టర్ అనాలి. ఆ పిలుపు నాకు అందరి దగ్గరా చక్కగా వస్తుంది, ఒక్క జకర్యా దగ్గర తప్ప. అందుకే అతన్ని "ఇదిగోండి", "ఏవండీ" అంటూ నెట్టుకొస్తున్నాను.

శనివారం రానే వచ్చింది. అంకుల్ ముఖం చిటపటలాడుతోంది.

"సీడీల షాపతను అడిగాడు. ఆ సినిమాకి మూడు సీడీలంట. మనం చూసింది రెండే. మూడోది ఏది?"

జకర్యా బ్యాగులోంచి తీసి ఇచ్చాడు. "నా దగ్గర్నే ఉంది అంకుల్."

"వారం నుంచా? మేమంతా ముగింపు గురించి తలలు బద్దలు కొట్టుకుంటుంటే, నువ్వు నవ్వుకుంటున్నావా? క్రిస్మస్‌కి కీబోర్డు నువ్వు వాయించక్కర్లేదు. తాతారావు వాయిస్తాడు."

తాతారావుకి వచ్చింది ఒకే పాట. అదీ ఒంటి వేలితో.

జకర్యా వరండాలోకి వెళ్లిపోయాడు. బయట తుఫాను ముసురు. నేనూ వెనకాలే వెళ్లాను. ఓదార్చడానికి కాదు, కడిగేయడానికి.

"నన్ను చూసి నవ్వుకోడానికే దాచారు కదూ?"

"దాచిన మాట నిజమే."

"సిగ్గు లేదూ?"

"జెర విను. ఆ సీడీ డబ్బాల కాగితం కింద ఇరుక్కుంది. నువ్వు మాట్లాడుతుంటేనే దొరికింది. సినిమా ఇంకా ఉందని అప్పుడే చెప్తే అందరు పడిపడి నవ్వెటోళ్లు. మళ్ల జిందగీల నువ్వు నోరు తెరిచేటిదానివా?"

నడుం మీద పెట్టుకున్న చేయి దించేశాను.

"మరి అంకుల్‌కి ఈ సంగతి చెప్పలేదేం?"

"చెప్తే నవ్వేది నిన్నే కదా. పోనీ తియ్యి, కీబోర్డే కదా," అన్నాడు. వేళ్లు మాత్రం పిట్టగోడ మీద ఏదో పాట వాయిస్తూనే ఉన్నాయి.

పుల్ల గీసిన మాట నిజం. ఎందుకు గీశాడో అడక్కుండా శిక్ష వేసేశాం. అందులో మొదటి జడ్జిని నేనే. అదీ ఉపన్యాసం బట్టీపట్టి వచ్చిన జడ్జిని.

లోపలికెళ్లాను. పిల్లికూన గొంతుతోనే మొదలుపెట్టాను.

"అంకుల్, సీడీ దాచింది నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని. సినిమా అవ్వకుండానే ముగింపు చెప్పిన తెలివైనదాన్ని నేను. నవ్వితే నన్ను చూసి నవ్వండి. కీబోర్డు మాత్రం జకర్యా..."

బ్రదర్ అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. హాలంతా దానికోసం ఎదురుచూసింది. రాలేదు.

"...జకర్యానే వాయించాలి," అని కుర్చీలో కూలబడ్డాను. మేబెల్ నా మోచేయి గట్టిగా గిల్లింది.

అంకుల్ నన్ను చూశారు, గుమ్మంలో తడిసి నిలబడ్డ జకర్యాను చూశారు. "ఇలా రారా," అన్నారు. "సీడీ నువ్వే పెట్టు. కీబోర్డూ నువ్వే."

తెర మీద హీరో అగ్గిపుల్ల గీశాడు.

బీడీ ముట్టించుకున్నాడు.

హాలు గొల్లుమంది. నా న్యాయం, ధర్మం, తాళంకప్ప అన్నీ ఆ బీడీ పొగలో కలిసిపోయాయి. నేనూ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఇల్లు మాత్రం అతనిదేనని తర్వాతి సీన్లో తేలింది. ఆ మేరకు గెలిచాను.

చివర్లో అతను తలుపు తట్టాడు. గడియ తీసిన చప్పుడు. సందులోంచి వెలుతురు అతని ముఖం మీద పడింది. తీసిందెవరో, అతన్ని నమ్మారో లేదో చూపించకుండానే పేర్లు పడిపోయాయి. ఈసారి నిజంగానే అయిపోయింది.

"దేవకృప సిస్టర్, ముగింపు చెప్పండి!" అని అరిచారెవరో. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

బయల్దేరే వేళకి కరెంటు పోయింది. వరండాలో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. జకర్యా కొవ్వొత్తుల దగ్గరున్న అగ్గిపెట్టె తెచ్చి పుల్ల గీశాడు.

"గివేనా నీవి?"

"అవేనండి."

పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

"చెప్పులు దొరికాయిగా, మళ్లీ ఎందుకు?"

"బీడీ కోసమేమోనే!" అని చీకట్లోంచి మేబెల్ అరిచింది.

జకర్యా నవ్వలేదు. "మొదలు నువ్వు చెప్పు. అందరి ముంగట నన్ను బ్రదర్ అని ఎందుకు అనలే?"

ఆ పుల్లా ఆరిపోయింది. చీకట్లో నాకు ధైర్యం ఎక్కువ.

"మీరు నాకు బ్రదర్ కాదు కాబట్టి," అన్నాను.

 అతను మూడో పుల్ల గీశాడు.

ఈసారి ఎందుకని నేను అడగలేదు.