ముప్పావు చుట్టు

"ఇంజన్ స్పీడ్ సెన్సర్ అంటే ఏంటో తెలుసా?" అడిగాడు చీఫ్.

"బండి ఎంత స్పీడులో పోతోందో చెప్పేది," అన్నాడు ఏజెంట్ పదిహేడు.

"కాదు. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పేది. నేర్చుకోవడానికి నీకు రెండు గంటల టైముంది."

ఏజెంట్ పదిహేడు మొహం మాడిపోయింది. తొమ్మిదేళ్ల సర్వీసులో అతను వంటవాడయ్యాడు, పళ్ల డాక్టరయ్యాడు, ఒకసారి పీటల దాకా వెళ్లిన పెళ్లికొడుకు కూడా అయ్యాడు. మెకానిక్ మాత్రం కాలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటాయన్ని పిలిచే రకం.

చీఫ్ గడియారం చూసుకుంటూ చెప్పుకుపోయాడు. "సొరంగం తవ్వుతున్న సైట్లో పదకొండు మిషన్లున్నాయి. విదేశీ ముఠా ఒకదాన్లో బాంబు పెట్టింది. ఏ మిషన్లోనో తెలీదు. ఎలా పేలుతుందో తెలీదు. పేలితే సొరంగం మూసుకుపోతుంది. లోపల అరవై మంది."

"పని ఆపించేస్తే?"

"ముఠా మనిషి సైట్లోనే ఉన్నాడు. అనుమానం వస్తే తనే పేల్చేస్తాడేమో. ఏడో నంబరు ఎక్స్‌కవేటర్లో రెండ్రోజులుగా స్పీడ్ సెన్సర్ ఫాల్ట్ చూపిస్తోంది. మెకానిక్ కోసం కబురు పెట్టారు. ఆ మెకానిక్కువి నువ్వే. అది బాగుచెయ్యి, ఆ వంకతో మిగతా పదీ వెతుకు."

తర్వాత ఒక ఫోటో తోశాడు. నల్లకళ్లద్దాలు, ఎర్రని గోళ్లు, చూసినవాడి మతిపోయేంత అందం. కోడ్ పేరు నెమలి. ముఠాలో మన గూఢచారి. మూడు వారాలుగా ఆమెనుంచి కబురు లేదు.

"అటు దూకేసిందేమోనని అనుమానం. 'ఆయిల్ ఎప్పుడు మార్చారు' అని అడుగు. మన మనిషైతే 'మంగళవారం' అంటుంది. ఇంకేమన్నా అంటే ఆమె మాట ఒక్కటీ నమ్మకు."

ఆఖరి కాగితం ఆపరేటర్ల జాబితా. ఏడో నంబరుకి ఎదురుగా ఉన్న పేరు ఏజెంట్ పదిహేడు రెండుసార్లు చదివాడు. అది అతని బావ పేరు. సొంత అక్క మొగుడు.

"తెలుసు," అన్నాడు చీఫ్ అతని మొహం చూడకుండా. "ఇంకో మనిషి దొరికితే నిన్ను పంపేవాణ్ని కాదు. అతనికి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పకు."

అక్క, ఇద్దరు ఆడపిల్లలు ఏజెంట్ కళ్లముందు కదిలారు. వాళ్ల దృష్టిలో తను ఇన్సూరెన్సు ఆఫీసులో ఫైళ్లు మోసే గుమాస్తా.

పదిన్నరకి గడ్డం అంటించుకుని, హెల్మెట్ కళ్లదాకా లాక్కుని సైట్లో దిగాడు. చేతిలో చీఫ్ ఇచ్చిన, కరెంటు కొలిచే మల్టీమీటర్. చూడ్డానికి మామూలుదే గానీ దాని కడుపులో వైర్‌లెస్ సెట్టుంది, ఇంజన్ స్పీడు కూడా చూపిస్తుంది. ఏడో నంబరు సరిగ్గా సొరంగం మూతి దగ్గర నిలబడి ఉంది.

"ఏవయ్యా మెకానికూ, ఇప్పుడా రావడం?" బావ క్యాబిన్లోంచి కేకేశాడు. "రెండ్రోజులై చస్తున్నా. ఎంత తొక్కినా ఇంజన్ వెయ్యి దాటి లేవదు. పళ్లు లేనివాడు చెరుకు నమిలినట్టుంది పని!"

"చూస్తా," అన్నాడు ఏజెంట్ గొంతు బొంగురుగా పెట్టి.

"జలుబా? దగ్గరికి రాకు. ఇంట్లో పిల్లలున్నారు నాకు."

ఆ పిల్లల మేనమామ హెల్మెట్ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఇంజన్ పక్కనున్న తలుపు తీసేసరికి వెనకాల అత్తరు వాసన వచ్చింది. నెమలి! కంపెనీ సలహాదారుగా సైట్లో తిరుగుతోంది. ఆమెకి అంగుళం ఎడం ఇవ్వకుండా పిల్లికళ్ల విదేశీ ఇంజనీరు నిలబడ్డాడు.

"ఈ మిషన్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చారు మేడమ్?"

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసింది. "గుర్తులేదు. అయినా దీనికి రిపేరెందుకు? నెమ్మదిగానైనా నడుస్తోందిగా. వదిలెయ్."

అయితే అటు దూకేసిందన్నమాట! అతనికి ఒళ్లు మండిపోయింది. వదిలెయ్యమంటోందంటే బాగుచెయ్యాల్సిందే.

"మాకిచ్చిన పని మేం చేస్తాం మేడమ్," అన్నాడు పుల్లవిరిచినట్టు.

పిల్లికళ్లవాడు నవ్వాడు. "గుడ్. ఫాస్ట్, ఫాస్ట్."

రెండు గంటల్లో నేర్చుకున్నది అతను మనసులో వల్లెవేసుకున్నాడు. ఇంజన్లో పళ్ల చక్రం తిరుగుతుంటే సెన్సర్ ఒక్కో పన్నూ లెక్కపెడుతుంది. లెక్క సరిగ్గా అందకపోతే వేగాన్ని అదుపుచేసే కంట్రోలర్ భయపడి ఇంజన్‌ను లేవనివ్వదు. ముందు సెన్సర్‌ను మీటరుతో కొలిచాడు. బాగానే ఉంది. వైరు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఎక్కడా తెగలేదు. కనెక్టర్లో తుప్పు లేదు, నీళ్లు లేవు. ఇక మిగిలింది ఒక్కటే: పంటికీ సెన్సర్‌కీ మధ్య ఎడం.

లాక్ నట్టు వదులుచేసి సెన్సర్‌ను లోపలికి తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, ఇంకా పోతూనే ఉంది. అబ్బో, ఇంత దూరముంటే ఏం లెక్కపెడుతుంది పాపం! కొన పంటికి తగిలింది. ముప్పావు చుట్టు వెనక్కి తిప్పి నట్టు బిగించాడు. జన్మలో మొదటిసారి ఒక వస్తువు బాగుచేశానని ఛాతీ పొంగింది.

"అయిపోయింది! స్టార్ట్ చెయ్!"

బావ చెవుల్లో ప్లగ్గులు దూర్చుకుని స్టార్ట్ చేశాడు. ఫాల్ట్ చూపించే ఎర్రదీపం ఆరిపోయింది. "శభాష్!" అని బొటనవేలు చూపించాడు.

చేతులు తుడుచుకున్న గుడ్డతోనే ఏజెంట్ నట్టు మీది గ్రీజు కూడా తుడిచాడు. కింద ఎర్రగీత కనిపించింది. సగం నట్టు మీద, సగం ఇంజన్ మీద; తను తిప్పాక ఆ రెండూ కలవడం లేదు. నట్టు కదిలితే తెలియడానికి మెకానిక్కులు పెట్టే గుర్తు. అది పెయింట్ కాదు. గోళ్ల రంగు.

అతను తలెత్తాడు. నెమలి గోళ్లు అదే ఎరుపు. ఆమె మొహంలో రక్తం లేదు.

సెన్సర్ దానంతటదే వదులవలేదు. ఆమె కావాలని వెనక్కి తిప్పి, కదపొద్దని గుర్తు పెట్టింది. ఎందుకు? అతను సెన్సర్ వైరు వెంబడి వేళ్లు పోనిచ్చాడు. అరచెయ్యి దూరంలో, టేపు కింద, దానికి అతికించిన రెండు సన్నని వైర్లు. అవి ఫ్రేము వెనక ఒక నల్లటి డబ్బాలోకి పోతున్నాయి. డబ్బా మీద చిన్న అంకె: పదిహేను వందలు.

ఓరి దేవుడో! ఇంజన్ పదిహేను వందలకి లేస్తే పేలుతుంది. లేవకుండా రెండ్రోజులు కాపాడింది ఆ ఫాల్టే. దాన్ని తనే బాగుచేశాడు.

"ఆపు! ఆపు!"

ప్లగ్గులు పెట్టుకున్న బావకి ఏం వినపడుతుంది? హుషారుగా యాక్సిలరేటర్ డయల్ తిప్పుతున్నాడు. చేతిలోని మీటరు మీద అంకె లేస్తోంది. తొమ్మిది వందలు. పదకొండు వందలు. క్యాబిన్ ఎక్కే టైము లేదు. పదమూడు వందలు. వైర్లు కోస్తే పేలుతుందేమో. డబ్బా ముట్టుకుంటే పేలుతుందేమో. పద్నాలుగు వందలు.

అది లెక్కపెట్టే బాంబు. దానికి లెక్కే అందకపోతే?

'అక్కా, క్షమించవే,' అనుకుంటూ సెన్సర్ కనెక్టర్ పట్టుకుని బలంకొద్దీ పీకేశాడు.

ఇంజన్ దగ్గింది. గడగడా వణికి చచ్చిపోయింది. మీటరు మీద ఆఖరి అంకె పద్నాలుగు వందల తొంభై రెండు.

నెమలిని వెంటబెట్టుకుని దూరంగా జరుగుతున్న పిల్లికళ్లవాడు ఆగాడు, చెయ్యి కోటులోకి పోయింది. అంతకంటే ముందే నెమలి పిస్టల్ అతని చెవికి ఆనింది.

"మంగళవారం," అంది ఆమె ఏజెంట్‌తో, పళ్లు నూరుతూ. "వీళ్లకి మన కోడ్‌లో ప్రశ్న తెలీదు గానీ జవాబు తెలిసిపోయింది. ఆ ముక్కంటే అక్కడే చంపేసేవాడు. వదిలెయ్యమని అర్థమయ్యేట్టే చెప్పాను కదా!"

అతను మల్టీమీటర్ నోటిదగ్గర పెట్టుకున్నాడు. "చీఫ్, బాంబు దొరికింది. మనిషీ దొరికాడు." అక్కడే బురదలో కూలబడ్డాడు.

నెమలి పిల్లికళ్లవాణ్ని మిషన్ వెనక్కి నెట్టుకుపోయాక, ఏమీ చూడని బావ పైనుంచి దిగాడు. "బాగుచేసినట్టే చేసి మళ్లీ తగలేశావేంటయ్యా? నిన్ను మెకానిక్కన్న సన్నాసి ఎవడు?"

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"మీ బావ ఇంటికొచ్చిందగ్గర్నుంచి ఒకటే తిట్లురా. ఎవడో మెకానిక్కట, నడుస్తున్న ఇంజన్‌కి వైరు పీకేశాట్ట. అంత చేతకానివాణ్ని తన జీవితంలో ఇద్దర్నే చూశార్ట. రెండోవాడివి నువ్వేనట!"

ఏజెంట్ పదిహేడు కళ్లు తుడుచుకున్నాడు.

"తిట్టనివ్వక్కా. తీరిగ్గా, కడుపునిండా తిట్టమను."