దూది ఎగిరిన మధ్యాహ్నం

"ఏమప్పా, యాడికి ఎత్తుకపోతాండావు దాన్ని? దించు!"

లారీ మీద నుంచి పాత పరుపును భుజాన వేసుకుని దిగుతున్న రబ్బానీ ఆ కేకకు ఆగిపోయాడు. ఎదురుగా ఆస్మా. డోన్ ఊరి చివర పొడి చెత్త షెడ్డుకు సూపర్‌వైజర్. రబ్బరు గ్లౌజు తొడిగిన వేలు అతని వైపు చూపిస్తూ నిలబడి ఉంది. కోపంలో కూడా ఇంత బాగుండే మనుషులుంటారని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఇవన్నీ యాడికి పోతాండాయి మేడం?"

"ఎర్రగుంట్లకు. సిమెంటు ఫ్యాక్టరీలో బొగ్గుతో పాటు కాలుస్తారు. నీకెందుకు?"

"లోపల మంచి పత్తి ఉండాది. కాల్చేకి మనసెట్ల వస్తాది మీకు?"

"చింపి చూసినావా?"

"పట్టుకుంటే తెలీదా? మేం దూదేకేవాళ్లం."

"అట్లనా! మరి ఇన్నాళ్లూ యాడ పోయినారు దూదేకేవాళ్లు? ఈ పరుపులన్నీ నా నెత్తిన పడ్తాంటే ఒక్కరన్నా వచ్చి అడిగినారా?"

రబ్బానీ పరుపును కిందికి దించాడు. ఊరంతా ఫోమ్ పరుపులకు మారిపోయింది. పాతది విప్పి, ఏకించి, మళ్లీ కుట్టించుకునేవాళ్లు కరువయ్యారు. దూదేకే మిషన్‌ను పాత ఇనుముకు అమ్మేద్దామని నాయన ఖాసిం వలి తేల్చేశాడు. ఆ తర్వాత రబ్బానీ ఎర్రగుంట్ల పోయి లారీ పనిలో చేరాలి. అదంతా ఆ అమ్మాయికి ఎందుకు చెప్పాడో గానీ, చెప్పేశాడు.

ఆస్మా గ్లౌజు తీసి కాసేపు ఆలోచించింది.

"లేడీస్ హాస్టల్‌కు పరుపులు కావాలని వార్డెన్ శివజ్యోతి మేడం అడుగుతాండాది. బాగున్నవి ఏరుకో. ఎండబెట్టు, ఏకు, కొత్త గుడ్డలో కుట్టు. ఆమెకు నచ్చితే ఇంక మీద పాత పరుపులన్నీ నీకే. నచ్చకుంటే లారీకే."

"నచ్చితే మా మిషన్ బతుకుతాది."

"నువ్వు గూడా ఈడే ఉంటావు," అంది ఆస్మా. ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు గబగబా లోపలికి వెళ్లిపోయింది.

మనవాడికి ఆ ఒక్క మాట చాలు. ఇంటికెళ్లి నాయన కాళ్లావేళ్లా పడ్డాడు. ఈ ఒక్క ఆర్డరు అయ్యేదాకా ఆగుతానని, అది పోతే మిషన్ కూడా పోయినట్టేనని చెప్పి ఖాసిం వలి ఒప్పుకున్నాడు. మిషన్ షెడ్డుకు చేరింది.

తర్వాతి రోజులు కలలో గడిచినట్టు గడిచాయి. పొద్దున్నే పరుపులు విప్పి, దూదిని ఇద్దరూ కలిసి ఎండలో పరిచేవాళ్లు. డోన్ ఎండకు జాలి అంటూ ఏమీ లేదు. అయినా రబ్బానీకి అది వెన్నెలలాగే ఉండేది. గడ్డలు కట్టిన దూది మిషన్‌లో పడి, పాలు పొంగినట్టు పొంగి బయటికొస్తుంటే ఆస్మా పని మానేసి చూసేది. ఆమె చూస్తోందని అతను ఇంకా మెల్లగా ఏకేవాడు.

"ఏందప్పా, ఈ లెక్కన ఆ ఆడపిల్లోళ్ల చదువులు అయిపోయి ఇండ్లకు పోతారు."

"మంచి పని నిదానంగానే అవుతాది."

"పని నిదానమా, చూపు నిదానమా?"

రబ్బానీ గబగబా ఇంకో పిడికెడు దూది మిషన్‌లో వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు వార్డెన్‌కు పరుపులు చూపించాలి. ఆ మధ్యాహ్నం ఆస్మా టీ గ్లాసులతో వచ్చింది. పెదవి మీద వాలిన దూది పింజను ఊదుకుంటూ మిషన్ పక్కన నిలబడింది. అంతే. పత్తిని అందుకోవాల్సిన రబ్బానీ చెయ్యి, పరుపులతో పాటు వచ్చిన పాత దిండ్లలోంచి తీసి పక్కన పెట్టిన బూరుగు దూదిని అందుకుంది. ఒక్క వాయి కాదు, ఉన్నదంతా మిషన్‌లోకి తోసేశాడు.

బూరుగు ఊదితే ఎగిరిపోయే సరుకు. అది క్షణంలో పైకి లేచింది. రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో షెడ్డంతా తెల్లగా తేలిపోయింది. దూది తొందర లేకుండా తిరుగుతూ దిగుతోంది. ఆస్మా గ్లాసులు కింద పెట్టి రెండు చేతులూ చాపింది. వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో ఆ ఊళ్లో! జుట్టు మీద, కనురెప్పల మీద, అరచేతుల్లో దూది వాలుతుంటే ఆమె నవ్వింది. ఆ నవ్వు ముందు రబ్బానీకి లోకమంతా మాయమైంది.

"రేయ్!"

పరుపులు కుట్టడానికి సూదులతో వచ్చిన ఖాసిం వలి గుమ్మంలో ఉన్నాడు. నేల మీది దూదిని చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"పత్తిలో బూరుగు కలిపినావా? మన ఇండ్లల్లో పాకే పిల్లోడు గూడా ఈ తప్పు చేయడు. ఇది దిండ్లకు తప్ప పరుపుకు నిలుస్తాదా? మనసు యాడ పెట్టినావురా?"

రబ్బానీ తల వంచుకున్నాడు. ఆర్డరు పోయింది, మిషన్ పోయింది, రేపో ఎల్లుండో తనూ పోవాలి. ఇంక దాచి చేసేదేముంది?

"ఆస్మాను చూస్తాంటి నాయనా. ఎప్పుడూ ఆమెనే చూస్తాండా."

ఆస్మా చప్పున ఫోన్ తీసి వార్డెన్‌కు చేసింది.

"మేడం, పరుపులకు ఇంగో వారం పడ్తాది. ముందు దిండ్లు ఇస్తాం."

"దిండ్లు గూడా ఉండాయా?" శివజ్యోతి గొంతు అందరికీ వినపడింది. "పిల్లోళ్లు తలకింద పుస్తకాల బ్యాగులు పెట్టుకోని పండుకుంటాండారమ్మా. పంపించు. పరుపులు వారం తర్వాతనే చూస్తాలే."

ఖాసిం వలి కొడుకు వంక చూశాడు. ఫోన్ పట్టుకున్న అమ్మాయి వంక ఇంకా ఎక్కువసేపు చూశాడు.

"మీ నాయన ఎవరమ్మా?"

"షబ్బీర్, సార్. పత్తికొండ మార్కెట్లో టమోటా యాపారం."

"ఫోన్ నంబరు చెప్పు."

ఆస్మా మొహం వాడిపోయింది. "కంప్లయింట్ చేస్తారా సార్? టీలని వచ్చి నేనే పని చెడగొట్టినా."

"కంప్లయింట్ కాదులే. బూరుగేదో పత్తేదో మర్చిపోయినోణ్ని ఇంక నేనొక్కణ్నే కాచుకోలేను. మీ నాయన అల్లుడిగా తీసుకుంటాడేమో అడగాల."

ఆస్మా నేల చూసింది, మిషన్ చూసింది, చివరికి రబ్బానీని చూసింది. రెప్పల మీది దూదిని కూడా తుడుచుకోలేదు.

"నంబరు ఇస్తా. కానీ మిషన్ అమ్మొద్దు మామా."

అంతసేపూ సార్ అన్న పిల్ల నోట ఆ పిలుపు వినేసరికి ఖాసిం వలి చేతిలోని సూదులు పక్కన పెట్టాడు. కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో నిదానంగా తుడుచుకున్నాడు.

"అమ్మితే మీ పెళ్లి పరుపుకు దూది యాడ ఏకించేదమ్మా?" అన్నాడు.