వాసన లేని మంట

బర్‌బ్యాంక్‌లోని ఒక సినిమా స్టూడియోలో అనాహిత్ గదికి కిటికీలు లేవు. పట్టపగలైనా లోపల చీకటే. ఆ చీకట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, సినిమాల కోసం ఇళ్లూ కార్లూ తగలబెట్టడం ఆమె ఉద్యోగం. పొగ రాదు, మసి అంటదు.

ఈసారి దర్శకుడు పేచీ పెట్టాడు. గుర్రాల కొట్టంలో మనిషి కాలిపోయే దృశ్యాన్ని నిజం మంటతో ఒకసారి, కంప్యూటర్ మంటతో ఒకసారి చేసి చూపించమన్నాడు. నచ్చిందే ఉంచుతాడట. నిజం మంట గారో అనే అతనిది. అనాహిత్ నాన్నకి పాత స్నేహితుడు. సినిమాల కోసం బొమ్మల్ని కాల్చడంలోనే అతని జుట్టు నెరిసింది. ఇది కూడా చేజారితే సిల్మార్‌లోని తన షెడ్డుకి తాళం వేసుకోవడమే.

నిన్న పొద్దున్న ఆమె ఆ షెడ్డుకి వెళ్లింది. రబ్బరు బొమ్మ చర్మం కింద గారో పంది కొవ్వు కూరాడు. నిప్పంటగానే చర్మం బుడగలు లేచి పగిలింది. పసుప్పచ్చటి కొవ్వు కారి ఇసుకలో చుయ్యిమంది. జిడ్డు గాలిలో తేలివచ్చి ఆమె పెదవుల మీద పేరుకుంది. నాలుకతో తడుపుకోబోయి, అదేమిటో గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఛీ, ఇదేం పని బాబాయ్."

"బాగుందా లేదా, అది చెప్పు."

"కడుపులో దేవుతోంది."

"అయితే బాగున్నట్టే," అన్నాడు గారో తృప్తిగా.

ఇవాళ మధ్యాహ్నం ఆమె తన మంట చేసింది. ఖాళీ కొట్టం, అందులో మంట, అంతే. మనిషిని తర్వాత అతికిస్తారు. అడ్డేమీ లేదు కాబట్టి మంట నిటారుగా లేవాలి. కానీ నేల దగ్గర అది చీలుతోంది. దేన్నో తప్పించుకుని పక్కల నుంచి పాకుతోంది. లెక్క తప్పిందనుకుని చెరిపేసి మళ్లీ చేసింది. మళ్లీ చీలింది. ఈసారి చీలిక మధ్య ఖాళీ కాస్త ముందుకి జరిగింది.

దర్శకుడు పిలిచాడని గారో అప్పటికే కింద కూర్చుని ఉన్నాడు. ఆమె పైకి రమ్మంది. అతను వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు.

"బొమ్మని ఎప్పుడు పెట్టావ్?"

"పెట్టలేదు. లోపల ఏమీ లేదు."

"ఉంది." గారో గొంతు తగ్గిపోయింది. "అదిగో వీపు. మోకాళ్ల మీద ఉన్నాడు. చేతులు చూడు, ముడుచుకుంటున్నాయి..."

"నీ బొమ్మల చేతులూ అలాగే ముడుచుకుంటాయా?"

"బొమ్మలు ముడుచుకోవమ్మాయ్."

అప్పుడొచ్చింది వాసన. ముందు జుట్టు కాలిన కంపు. తర్వాత కొవ్వు... తియ్యగా, వెచ్చగా, వంటింట్లోంచి వచ్చినట్టు. అనాహిత్ నోట్లో నీళ్లూరాయి. తన నోరంటే తనకే రోత పుట్టింది.

"ఆపెయ్," గారో గుసగుసలాడాడు.

నొక్కింది. మంట ఆగలేదు. మళ్లీ నొక్కింది.

తెర అంచు నుంచి ఒక పసుప్పచ్చటి చుక్క జారింది. ఇంకొకటి... కీబోర్డు సందుల్లోకి దిగి, చల్లారి, తెల్లగా గడ్డకట్టింది. ఆమె వేళ్లు దాంట్లో అతుక్కున్నాయి.

మంటలోని ఖాళీ మెల్లగా తల తిప్పింది. ముఖం లేదు. నోరుండాల్సిన చోట మాత్రం మంట లోపలికి వెళ్తోంది... బయటికొస్తోంది... లోపలికి...

గారో కరెంటు తీగ పీకేశాడు.

చీకటి. ఇద్దరి ఊపిరీ వినిపిస్తోంది.

"దర్శకుడికి ఏం చెప్పమంటావ్, బాబాయ్?"

"నాదీ వద్దు, నీదీ వద్దని చెప్పు. నేనింక ఏదీ కాల్చను." అతను గోడ పట్టుకుని బయటికి నడిచాడు. షెడ్డు మాటే ఎత్తలేదు.

అనాహిత్ బాత్రూములోకి దూరి మోచేతుల దాకా సబ్బుతో తోముకుంది. గోళ్ల కింద జిడ్డు వదల్లేదు. వాంతి చేసుకుంది. ఉత్త నీళ్లే పడ్డాయి. నిన్న షెడ్డు నుంచి వచ్చాక ఆమె మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు మరి.

పుక్కిలిస్తుంటే వెనక పళ్ల మధ్య ఏదో నాలుకకి తగిలింది. గోటితో లాగింది. సాగుతూ వచ్చింది... పీచు. ఉడికిన మాంసం పీచు.

అది ఇంకా వేడిగా ఉంది.