వకీలు వద్దన్న ఉత్తరం

ఏప్రిల్ తొమ్మిది, గురువారం. ఆ పొద్దున కింద హోటల్లో తిన్న రెండు పెసరట్లూ, అల్లం పచ్చడీ కోటేష్‌కి ఇప్పటికీ గుర్తే. మూడోది చెప్పేలోపే పైనుంచి అంకమ్మరావు గారి కేక వినిపించింది. పదకొండేళ్లుగా ఆ ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర సహాయకుడిగా ఉన్నవాడు. ఆ కేకకి అర్థం తెలుసు. కేసు వచ్చింది.

కుర్చీ అంచున యాభయ్యేళ్ల ఆడమనిషి కూర్చుని ఉంది. పేరు జానీబీ. చిలకలూరిపేట పక్క పల్లె, మిరపకాయల తొడిమలు తీసే కూలి.

"రేపు పదిన్నరకి వాయిదా అండీ. నా ఇల్లు తనదని మా మరిది కొడుకు బాజీ కోర్టుకెక్కాడు. న్యాయ సేవల ఆఫీసోళ్లు నాకు ఊరికే ఒక వకీలమ్మని ఇచ్చారు. నిన్న పోతే, వద్దని నువ్వే రాసిచ్చావుగా అన్నారు. నేను రాయలేదండీ బాబూ! కొత్త అర్జీ పెడితే వారం పడుద్దంట. ఈ కాయితం దొంగదని రేపు పొద్దున్నకి తేలిస్తే పాతదే నిలబడుద్దంట. లేకపోతే ఇల్లు పోయినట్టే."

ఆమె చాపిన నకలులో కంప్యూటర్లో కొట్టిన రెండు లైన్లు ఉన్నాయి. 'నాకు ఉచిత న్యాయ సహాయం అక్కర్లేదు. సొంత ఖర్చుతో వేరే వకీలును పెట్టుకుని కేసు నడుపుకుంటాను.' కింద నల్లటి వేలిముద్ర. గీత గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

కోటేష్ ఇచ్చిన మజ్జిగ గ్లాసుని ఆమె కొంగుతో పట్టుకుంది. అది చూసి అంకమ్మరావు ఒక గిన్నెలో మజ్జిగ పోయించారు. "ముందు వేళ్లు ముంచమ్మా, మంట తగ్గుతుంది. తాగడం తర్వాత." ఊరంతా వెతికినా ఈ ఆలోచన ఇంకెవరికీ రాదనుకున్నాడు కోటేష్.

"రేషన్ ఎట్టా ఇస్తున్నారు నీకు?"

"కంటితోనండీ. సీజన్లో మిషను నా వేలు పట్టదు."

"నీకు వకీలమ్మని ఇచ్చిన సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ముగ్గురికే. బాజీకి కోర్టులో తెలిసింది. అర్జీకి తోడొచ్చింది పక్కింటి సుబ్బరావమ్మ. ఇంకోడు మా అబ్బాయి కలీం. పేటలో జిన్నింగు మిల్లులో గుమస్తా, అక్కడే ఉంటాడు."

మధ్యాహ్నం జానీబీ ఊరికి బయల్దేరారు. "బాజీయే సార్. ఇంకెవరికి లాభం?" అన్నాడు కోటేష్, కారు నడుపుతూ.

"లాభం తర్వాత చూద్దాం. ఆ ఉత్తరంలో ఆమె ఇల్లు ఎక్కడైనా వదులుకుందా?"

కోటేష్ గుర్తు చేసుకున్నాడు. ఎక్కడా లేదు.

సాయంత్రం ఆరింటికి అందరూ జానీబీ ఇంటి వరండాలో చేరారు. సుబ్బరావమ్మ మిరప కళ్లం నుంచి అట్నే వచ్చింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే బాజీ, వాయిదా కోసం ఆ పూటే దిగాడు. కలీం ఇస్త్రీ చొక్కా జేబులో పెన్ను మెరుస్తోంది.

"సుబ్బరావమ్మా, మీ ఇద్దరికీ గోడ తగాదా ఉందంటగా?"

"ఉంటే? తిట్టాలంటే మొహానే తిడతా. దొంగ కాయితాలు నాకెందుకండీ!"

"నావంక చూడమాకండి," అన్నాడు బాజీ. "ఇల్లు కావాలి, కోర్టులోనే గెలుస్తా. పెద్దమ్మకి వకీలుంటే నాకు భయమా?"

కలీం విసుక్కున్నాడు. "ఆ ధర్మ వకీలు పోతే పోయింది సార్. ఊరికే వచ్చే వకీలు ఊరికే ఓడిస్తాడు."

"ఏరా, గుమస్తా కాగానే జమీందారువైపోయావే!" అంది సుబ్బరావమ్మ.

అంకమ్మరావు ఇంకు ప్యాడు తీశారు. తెల్లకాగితం మీద జానీబీ వేలు వేస్తే గీత ఒక్కటీ లేని నల్ల మచ్చ పడింది. సుబ్బరావమ్మదీ అంతే. బాజీదీ అంతే.

"నేను సంతకం పెడతా సార్, చదువొచ్చు," అన్నాడు కలీం.

"వేలు చాలు నాయనా."

కలీం చెయ్యి కదల్లేదు.

"ఈ ఇద్దరు ఆడవాళ్ల వేళ్లు కారానికి అరిగాయి," అన్నారు అంకమ్మరావు. "బాజీ వేలు సున్నం తినేసింది. సంగతి తెలిసిన ముగ్గురిలో గీతలు మిగిలిన వేలు ఒక్కటే, పెన్ను పట్టేది. శత్రువు రాస్తే 'ఇల్లు ఖాళీ చేస్తా' అని రాసేవాడు. ఈ ఉత్తరం రాసినవాడు ఇల్లు వదల్లేదు, ఉచితాన్నే వదిలాడు. జానీబీ వేలిని మిషను పట్టదన్న సంగతి కూడా అతనికి తెలీదు. అంటే ఒక్కరోజు కూడా తల్లికి తోడుగా రేషన్‌కి వెళ్లలేదు."

కలీం ఇంకు ప్యాడు పక్కకి నెట్టాడు. "మిల్లులో నవ్వారు సార్, మీ అమ్మకి ధర్మ వకీలంటగా అని. గుంటూరులో పెద్ద వకీల్ని పెడదామనుకున్నా. ఆయన వచ్చే నెల రమ్మన్నాడు. వాయిదా రేపేనని నాకు నిన్ననే తెలిసింది. భయమేసి నోరు మూసుకున్నా."

"ధర్మం కాదురా, హక్కు. ఆడమనిషైతే చాలు, ఆదాయం అడక్కుండా చట్టం ఇస్తుంది. నువ్వు పుట్టిన సర్కారు ఆసుపత్రిలో మీ అమ్మ సిగ్గుపడిందా?" ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు చేసింది నేరం. రేపు తొమ్మిదింటికి ఆఫీసులో నువ్వే చెప్పాలి. ఇప్పుడు రాయి."

కలీం రాశాడు, సంతకం పెట్టాడు. కోటేష్ వకీలమ్మ ఖుర్షిదాకి ఫోన్ చేశాడు. "ఫైలు నా బల్ల మీదే ఉంది. తొమ్మిదింటికి తీసుకురండి, పదిన్నరకి నేను నిలబడతా," అందామె.

బాజీ లేచి చెప్పులు వేసుకున్నాడు. "అయితే రేపు కోర్టులో చూసుకుందాం పెద్దమ్మా," అన్నాడు, ఈసారి మెత్తగా.

"అమ్మా, ఆఫీసు వాళ్లు నన్ను పోలీసులకి పట్టిస్తే?" అన్నాడు కలీం.

జానీబీ కొడుకు వంక తిరిగింది. "పట్టిస్తే పట్టించనీ. నీక్కూడా ఊరికే వకీల్ని అడుగుతాలే."

సుబ్బరావమ్మ పకపకా నవ్వింది. కోటేష్ కారు తిప్పాడు. వెనక జానీబీ కొడుక్కి చాప పరిచి, తన ఇంటి తలుపు మెల్లగా మూసుకుంది.